ఎన్ని అని అడగాలంటే

సూరత్ దగ్గర తాపీ నది సముద్రంలో కలిసే చోట హజీరా ఉంది. అక్కడి ఎల్ అండ్ టీ కర్మాగారంలో కొరియా సంస్థ హన్వా సాంకేతికతతో కె9 వజ్ర ఫిరంగులు తయారవుతున్నాయి. 2017లో ఒప్పందం కుదిరింది 100 ఫిరంగులకు. వందోది 2021 ఫిబ్రవరిలో సైన్యానికి అందింది. 2024 డిసెంబరులో దాదాపు 7,629 కోట్ల రూపాయలతో మరో ఒప్పందం కుదిరింది.

ఆ ఫిరంగులు ఎన్నో కొరియన్‌లో అడగాలంటే 'ఎన్ని' ఒక్కటే చాలదు. 'మ్యొత్' అంటే ఎన్ని. దాని పక్కన లెక్కించే వస్తువు జాతి చెప్పే మాట ఉండాలి. వాహనాలకూ యంత్రాలకూ 'దె', ఫిరంగులకు 'మున్', పుస్తకాలకు 'గ్వొన్', జంతువులకు 'మారి', మనుషులకు 'మ్యొంగ్', గౌరవించాల్సిన వాళ్లకు 'బున్'. ఏదీ తోచకపోతే మామూలు వస్తువులకు 'గె' ఉంది. 'మ్యొత్', 'మారి' కలిస్తే 'మ్యొన్మారి' అని పలుకుతారు. జగత్, మాత కలిసి జగన్మాత అయ్యే మనకు ఇది కొత్త కాదు. మనుషులు 'ఎంతమంది', వస్తువులు 'ఎన్ని' అని విడదీయడమూ మనకు పుట్టుకతో వచ్చిందే. మనం రెండు గదులు కట్టుకున్న చోట కొరియన్లు డజన్ల కొద్దీ కట్టుకున్నారు, అంతే.

ఆ గదులన్నీ ఒకేసారి కట్టినవి కావు. 'మారి' దేశీయం. గె, దె, గ్వొన్, మ్యొంగ్, మున్ చైనా లిపితోపాటు వచ్చినవి. అంకెలూ అలాగే రెండు వరసలయ్యాయి. హనా, దుల్, సెత్ అనేది ఇంటి వరస. ఇల్, ఇ, సమ్ అనేది చైనా నుంచి వచ్చిన వరస. మూడున్నర గంటలను 'సె సి సమ్సిప్ బున్' అంటారు. అందులో గంటల అంకె దేశీయం, నిమిషాలది చైనాది.

12వ శతాబ్ది మొదట్లో కొరియాలోని అప్పటి కొర్యో రాజ్యానికి వచ్చిన చైనా అధికారి సున్ ము అక్కడి మాటలు రాసుకున్నాడు. ఆ జాబితాలో నూరుకు దేశీయమైన 'ఓన్' ఉంది. సెజోంగ్ రాజు 1443లో రూపొందించి, 1446లో ప్రకటించిన హంగుల్ లిపి గ్రంథాల్లోనూ అది కనిపిస్తుంది. తర్వాత చైనా మాట 'బెక్' దాన్ని తోసేసింది. ఇప్పుడు దేశీయ లెక్క 99 దగ్గర ఆగిపోతుంది. మనం నూరు, వెయ్యి నిలుపుకుని లక్ష దగ్గర సంస్కృతం చెయ్యి పట్టుకున్నాం. కొరియన్లు నూరు దగ్గరే చైనా చెయ్యి పట్టుకున్నారు.

సంతలో మాత్రం పాత కొలతలు బతికాయి. కానాగంత చేపలు రెండైతే ఒక 'సోన్'. సూదులు ఇరవై నాలుగైతే ఒక 'స్సామ్'. వెల్లుల్లి గడ్డలు నూరైతే ఒక 'జొప్'. మన పల్లెల్లో నాలుగింటిని పుంజీ అన్నట్టే ఇది. పుంజీ తెలియని పట్నం పిల్లలు మనకున్నట్టే, 'జొప్' తెలియని పిల్లలు సియోల్‌లోనూ ఉన్నారు.

19వ శతాబ్ది చివర్లో విదేశీయులు ఈ లెక్కను నేర్చుకోవాల్సి వచ్చింది. మిషనరీ హోరేస్ అండర్‌వుడ్ 1890లో కొరియన్ వాడుక భాషకు పాఠ్యపుస్తకం ప్రచురించాడు. హోమర్ హల్బర్ట్ 1905లో కొరియన్‌ను ద్రావిడ భాషలతో పోల్చి వ్యాకరణం రాశాడు. ఆ చుట్టరికాన్ని నేటి భాషావేత్తలు ఒప్పుకోరు. కానీ క్రియ వాక్యం చివరికి రావడంలో పోలిక ఉంది, అది నేర్చుకునే తెలుగువాడికి మేలే చేస్తుంది.

ఇప్పుడు ఆ భాష మన గడపలోకే వచ్చింది. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కొరియా సంస్థ కియా కర్మాగారం తొలి సెల్టోస్ కారును 2019 ఆగస్టులో బయటికి తెచ్చింది. 2020 జాతీయ విద్యా విధానం ఉన్నత పాఠశాలలో నేర్పదగిన విదేశీ భాషల్లో కొరియన్‌నూ పేర్కొంది.

కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఒక మాట. అంకెలు వల్లించే ముందు వస్తువును చూడండి. అది పుస్తకమా, మనిషా, యంత్రమా అన్నది తేలితేనే ప్రశ్న పుడుతుంది. జవాబులో హనా 'హన్' అవుతుంది, దుల్ 'దు' అవుతుంది, సెత్ 'సె' అవుతుంది. ఎర్రమంచిలో మూడు కార్లు కనిపిస్తే 'సె దె' అనండి. హజీరా తొలి ఒప్పందపు ఫిరంగులైతే 'బెక్ మున్'.