తెర ఎదుట కంటనీరు

నాటకం చూస్తూ మూర్ఛిల్లిన ప్రేక్షకుణ్ణి మన సాహిత్యంలో వెదకబోతే మొదట ఎదురయ్యేవాడు సాక్షాత్తు శ్రీరామచంద్రుడే. ఎనిమిదో శతాబ్దపు భవభూతి రచించిన 'ఉత్తరరామచరితం' ఏడవ అంకంలో గంగాతీరాన వాల్మీకి మహర్షి ఒక నాటకం ఆడిస్తాడు. నటీమణులు అప్సరసలు. చూసేవారిలో ముందు వరుసలో రాముడు, పక్కన లక్ష్మణుడు. ఇక కథ ఏమిటంటే, నిండు గర్భిణిగా అడవిలో విడిచిపెట్టబడిన సీత గంగలోకి దూకడం, అక్కడే కవలలను కనడం, భూదేవీ గంగాదేవీ ఆమెను పొదివి పట్టుకోవడం. అది నాటకమన్న సంగతి మరచిపోయి రాముడు మధ్యమధ్య మాట్లాడబోతాడు. లక్ష్మణుడు గుర్తు చేయవలసి వస్తుంది. చివరికి ఆయన స్పృహ తప్పుతాడు.

ఈ అంకంలో నాకు ఎంతో ఇష్టమైన ఘట్టం ఒకటుంది. కన్నతల్లి అయిన భూదేవి అల్లుణ్ణి నిలదీస్తుంది. రఘువంశానికి పూజ్యురాలైన గంగ, అంటే మగపెళ్ళివారి తరఫు పెద్దావిడ అన్నమాట, ఆయన పరిస్థితీ చూడాలి కదా అని సర్దిచెబుతుంది. పన్నెండు వందల ఏళ్ళ తరువాత కూడా మన ఊళ్ళలో కాపురాల పంచాయితీ ఈ వరసలోనే సాగుతున్నది. భవభూతి ఎంత లోకం చూసినవాడో!

ఇంట్లో జరిగే హింసను కథగా చూసినప్పుడు మనవాళ్ళు ఎలా స్పందించారు, ఎవరిమీద జాలిపడ్డారు, ఎవరిని తిట్టుకున్నారు అన్నది నన్ను చాలాకాలంగా పట్టుకున్న ప్రశ్న. వెండితెర, బుల్లితెర వచ్చాకనే మొదలైన సంగతి కాదిది. మా హన్మకొండలో సద్దుల నాడు పద్మాక్షి గుట్ట కింద చెరువు దగ్గర నిలబడితే ఎవరికైనా తెలుస్తుంది. బతుకమ్మ పుట్టుకను గురించి తెలంగాణలో పలు కథలున్నాయి. వాటిలో ఒకదానిలో అన్న ఇంట్లో లేని సమయాన వదిన ఆడబిడ్డను చంపి పూడ్చివేస్తుంది, ఆ చోటనే తంగేడు మొలిచి పూస్తుంది. నిఖార్సయిన నేరకథ! అత్తింటి ఆరళ్ళను పాటగా కట్టి, వలయంగా తిరుగుతూ, చప్పట్లతో పాడుకునే ఆడవాళ్ళు అందులో నటులూ ప్రేక్షకులూ తామే. అక్కడ కన్నీరు కనబడదు. పాట ఉంటుంది.

ఒగ్గు పూజారులు డోళ్ళు మోగిస్తూ చెప్పే ఎల్లమ్మ కథ ఇంకొక తీరు. రేణుక మనసు నీటి ఒడ్డున ఒక్క క్షణం చలించిందన్న అనుమానంతో జమదగ్ని ఆమె తల నరకమంటాడు. నరికేవాడు కన్నకొడుకు. విన్నవారు 'తల్లీ' అని దండం పెడతారు. చనిపోయినదానికి గుడి కట్టారు, చంపమన్నవాణ్ణి మహర్షి అన్నారు. విన్నవారి దుఃఖం భక్తిగా మారిపోయింది, ప్రశ్నగా మారలేదు.

ఆధునిక నాటకానికి వస్తే గురజాడవారి 'కన్యాశుల్కం' ముందు తలచుకోవాలి. తొలి ప్రదర్శన 1892లో, తొలి ముద్రణ 1897లో. ఆ తొలికూర్పు పీఠికలో గురజాడ ఒక లెక్క చెప్పారు. విజయనగరం మహారాజావారు సేకరింపజేసిన పట్టిక ప్రకారం విశాఖ ప్రాంతపు బ్రాహ్మణ కుటుంబాలలో మూడేళ్ళలో జరిగిన శుల్క వివాహాలు 1,034, అందులో అయిదేళ్ళ వయసు పెళ్ళికూతుళ్ళే 99 మంది. ఇంత ఘోరమైన లెక్క ముందు పెట్టుకొని ఆయన రాసినది హాస్య నాటకం! కూతుర్ని అమ్మవద్దన్నందుకు భర్త విరుచుకుపడితే వెంకమ్మ నూతిలో దూకుతుంది, బతికి బయటపడుతుంది. లుబ్ధావధానుల మీద కొత్త పెళ్ళాన్ని చంపాడన్న అభియోగం వస్తుంది. పోలీసులు, ప్లీడర్లు, దొంగ సాక్ష్యాలు అన్నీ ఉన్నాయి. ఈనాటి టీవీవారు 'క్రైం డ్రామా' అనేదానికి కావలసిన సరంజామా అంతా అందులో ఉంది. కాని జనం అగ్నిహోత్రావధానుల కోపానికి నవ్వుతారు. నేను పాఠం చెప్పిన ప్రతి తరగతీ నవ్వింది. వెంకమ్మ నూతి సంగతి అడిగితే సగంమందికి గుర్తుండేది కాదు.

కాళ్ళకూరి నారాయణరావుగారి 'వరవిక్రయం' 1920ల తొలినాళ్ళది. ఇందులోనూ నుయ్యి ఉంది, అయితే ఎవరూ బయటికి లాగలేదు. తన కట్నానికి తండ్రి ఆస్తి హరించుకుపోతున్నదని కాళింది నూతిలో పడి ప్రాణం తీసుకుంటుంది. చెల్లెలు కమల అదే వరుణ్ణి పెళ్ళాడి, 'డబ్బిచ్చి కొనుక్కున్నాం గనుక మొగుడే మా ఇంటికి రావాలి' అని అడ్డం తిరుగుతుంది. తెలుగునాట ఈ నాటకం ఏడిపించినంతగా మరొక సాంఘిక నాటకం ఏడిపించలేదని మా గురువుగారు అనేవారు. 1939లో సి. పుల్లయ్యగారు దీన్ని సినిమాగా తీశారు. కాళిందిగా తెరమీదికి వచ్చిన పధ్నాలుగేళ్ళ అమ్మాయి భానుమతి. అదే ఆమె మొదటి సినిమా.

ఈ పుల్లయ్యగారే 1934లో 'లవకుశ' తీశారు. 1963 నాటి రంగుల 'లవకుశ'కూ దర్శకుడిగా ఆయన పేరు ఉంది, సి.ఎస్. రావుగారితో కలిసి. కాళింది కంటనీరూ సీత కంటనీరూ తెలుగు ప్రేక్షకుడికి ఒకే మనిషి చేతిమీదుగా అందాయన్నమాట. రంగుల లవకుశకు పల్లెలనుంచి బండ్లు కట్టుకొని వచ్చారని, అంజలీదేవి కనబడితే ఆడవాళ్ళు కాళ్ళకు మొక్కేవారని మా అమ్మ తరం వారంతా చెప్పేవారు. సీతను చూసి ఏడ్చారు, సరే. తిట్టింది ఎవరిని? చాకలిని. అనుమానపు మాట అన్న చాకలి పాపాత్ముడు, ఆ మాట విని భార్యను అడవికి పంపినవాడు మాత్రం ఆమెతో సమానంగా దుఃఖపాత్రుడు. (ఆ తిట్టడంలో కులం పాత్ర ఎంత అన్నది వేరే వ్యాసానికి విషయం. ఇక్కడ దాటవేయడం లేదు, ఆ బరువు ఈ వ్యాసం మోయలేదు.)

ఈ పక్కదారి పట్టడం మన ప్రేక్షకులలో ఎంత పాతుకుపోయిందో చూడాలంటే సూర్యకాంతంగారిని మించిన సాక్ష్యం లేదు. 1962 నాటి 'గుండమ్మ కథ'లో సవతి కూతురు లక్ష్మిని ఆమె పెట్టిన ఆరళ్ళు, అంతకు ముందూ వెనకా ఎన్నో సినిమాలలో కోడళ్ళకు పెట్టిన బాధలు చూసి, తెలుగువారు ఆడపిల్లలకు ఆ పేరే పెట్టడం మానుకున్నారంటారు. అతిశయోక్తి అనుకునేవారుంటారు. ముప్పై మూడేళ్ళు హాజరుపట్టీలలో పేర్లు పిలిచినవాణ్ణి, నాకు ఒక్క సూర్యకాంతం కూడా తగలలేదు. నిజజీవితంలో ఆమె షూటింగులకు క్యారియర్లు మోసుకువచ్చి అందరికీ వడ్డించేదని తోటి నటులు చెప్పుకున్నారు. ఆమె నటనకు ఇంతకన్నా గొప్ప బిరుదు లేదు, ఒప్పుకుంటాను. అయితే గయ్యాళి అత్త ముఖం అంత స్పష్టంగా తెరనిండా ఉండేసరికి, పక్కనే తల వంచుకు నిలబడిన కొడుకు ఎవరి కంటా పడలేదు. అతణ్ణి నవ్వుతూ క్షమించేశారు.

చట్టమైతే అలా క్షమించలేదు, చాలా ఆలస్యంగానే అయినా. వరకట్న నిషేధం ఆంధ్రప్రదేశ్‌లో 1958లో, దేశమంతటికీ 1961లో వచ్చింది. భర్త, అతని బంధువులు పెట్టే క్రూర హింసను ప్రత్యేక నేరంగా శిక్షాస్మృతిలో చేర్చినది 1983లో, 498-ఎ సెక్షన్‌గా. వరకట్న మరణం 1986లో చేరింది. గృహహింస నుంచి మహిళలకు రక్షణ కల్పించే చట్టం 2005లో చేసి 2006 అక్టోబరు 26 నుంచి అమలు చేశారు. 2024 జూలై 1న భారతీయ న్యాయసంహిత వచ్చాక ఆ 498-ఎ కాస్తా 85, 86 సెక్షన్లయింది. గమనించండి, 'భర్త' అన్న మాట ఆ సెక్షన్‌లో ముందుంది, 'బంధువులు' తరువాత. మన సినిమాలు ఆ వరసను తిరగేశాయి.

టీవీ నట్టింట్లోకి వచ్చాక ఈ కన్నీటికి కొత్త అలవాటు పట్టింది. 1995లో ఈటీవీ, జెమిని రావడంతో సీరియళ్ళు రోజువారీ అయ్యాయి. 'నేరాలు-ఘోరాలు' వంటి కార్యక్రమాలు జరిగిన హత్యలను నటులచేత మళ్ళీ చేయించి చూపాయి. అవి చూసినప్పుడు కలిగేది కరుణ కాదు, భయానకం. గొళ్ళెం పెట్టామా లేదా అని లేచి చూసుకునే భయం. ఆపద గొళ్ళెం లోపలే ఉండవచ్చునన్న ఊహ ఆ భయంలో లేదు.

ఆ ఊహను టీవీ ద్వారా ఒక దేశమంతటికీ కలిగించిన కథను అమెరికా చరిత్రలో చూస్తాం. మిషిగన్ రాష్ట్రంలోని డాన్స్‌విల్ అనే చిన్న ఊళ్ళో ఫ్రాన్సీన్ హ్యూస్ అనే ఇల్లాలు, ఏళ్ళ తరబడి దెబ్బలు తిన్న తరువాత, 1977 మార్చిలో మాజీ భర్త నిద్రిస్తున్న మంచానికి నిప్పు పెట్టింది. ఆ సమయంలో ఆమెకు మతి స్థిమితంలో లేదని నమ్మి జ్యూరీ విడుదల చేసింది. ఆ ఉదంతం 'ది బర్నింగ్ బెడ్' అనే టీవీ చిత్రంగా 1984 అక్టోబరు 8న ఎన్‌బీసీలో ప్రసారమయింది. కథానాయిక ఫారా ఫాసెట్. ప్రసారంతోపాటు బాధిత స్త్రీల ఆశ్రయ కేంద్రాల ఫోన్ నంబర్లు చూపించారు, ఫోన్లు ఆగకుండా మోగాయి. అదే రాత్రి మిల్వాకీ నగరంలో ఒక భర్త ఆ చిత్రం చూసి, విడిగా ఉంటున్న భార్యకు నిప్పంటించాడని కూడా పత్రికలు రాశాయి. కొందరు ఫోన్ అందుకున్నారు, ఒకడు పెట్రోలు అందుకున్నాడు. రసం ఒక్కటే అయినా పాత్రను బట్టి మారుతుందని మన ఆలంకారికులు అన్నది తక్కువ మాటే.

మన దేశంలో దానికి దగ్గరగా వచ్చినది 2020 డిసెంబరు 24న హాట్‌స్టార్‌లో విడుదలైన 'క్రిమినల్ జస్టిస్: బిహైండ్ క్లోజ్‌డ్ డోర్స్'. బీబీసీ కోసం పీటర్ మోఫాట్ రాసిన కథకు హిందీ రూపం. పేరుమోసిన న్యాయవాది బిక్రమ్ చంద్రను భార్య అను కత్తితో పొడుస్తుంది, ఎందుకో చెప్పదు. ఆమె తరఫున నిలబడే చిన్న వకీలు పంకజ్ త్రిపాఠీ. లాక్‌డౌన్ ఏడాది కదా, మా ఇంట్లో నలుగురు ఆడవాళ్ళు కూర్చొని మూడు రాత్రులలో చూశారు. నేను వెనక కుర్చీలో కూర్చొని తెరకన్నా వాళ్ళనే ఎక్కువ చూశాను (పంతులు బుద్ధి).

మొదటి రాత్రి జాలి అంతా చచ్చిపోయినవాడి మీదనే. ఎంత మర్యాదస్తుడు, కూతురంటే ఎంత ప్రాణం! అను మీద కోపం. మా వదినె అయితే బాహాటంగానే, "గట్ల నోరు మూసుకొని కూసుంటే ఎవలకు తెలుస్తది? చెప్పొచ్చు గదా!" అన్నది. తలుపు వెనక ఏం జరిగేదో కోర్టులో కొద్దికొద్దిగా బయటపడుతున్నకొద్దీ మాటలు తగ్గాయి. మూడోరాత్రి మా శ్రీమతి కొంగుతో కళ్ళు ఒత్తుకున్నది, వదినె ముక్కు చీదింది. నాలుగో ఆవిడ, మా వాడకట్టులోనే ఉంటుంది, ఆమె కంట ఒక్క చుక్క రాలేదు. పొయ్యిమీద పాలు పెట్టివచ్చానని మధ్యలోనే లేచి వెళ్ళిపోయింది. రాత్రి పదకొండు గంటలకు పాలేమిటని ఎవరూ అడగలేదు.

అభినవగుప్తుడు రసాస్వాదానికి ఏడు విఘ్నాలు చెప్పాడు. వాటిలో ఒకటి నిజసుఖాది వివశీభావం. సొంత సుఖదుఃఖాలలో మునిగి ఉన్నవాడికి తెరమీది దుఃఖం రసంగా అందదు. ప్రాచ్య కళాశాలలో ఈ విఘ్నాలను పరీక్షకోసం కంఠస్థం చేశాను. వాటి అర్థం ఆ రాత్రి మరింత దగ్గరగా తెలిసింది. కరుణరసం హాయిగా ఏడ్వగలిగినవారిది. రాముడు మూర్ఛిల్లడం రసానుభూతి కాదు, ఆయన ఆ వ్యాజ్యంలో కక్షిదారుడు. పాలు పొంగుతాయని లేచి వెళ్ళిన ఆవిడ కూడా అంతే.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తెలంగాణ లెక్కలు చదువరులలో కొందరు చూసే ఉంటారు. పెళ్ళయిన స్త్రీలలో సుమారు 37 శాతం మంది భర్త చేతి హింసను చవిచూశారు. అంతకన్నా నన్ను కలవరపెట్టినది మరొక అంకె. ఏదో ఒక కారణం ఉంటే భర్త భార్యను కొట్టడం సబబేనన్న స్త్రీలు సుమారు 84 శాతం. ఆంధ్రప్రదేశ్‌లోనూ ఇంచుమించు అంతే. మగవారిలో సబబన్నవారు ఆడవారికన్నా తక్కువ! సీరియల్ చూసి కళ్ళు ఒత్తుకునేవారూ సర్వేవారికి జవాబు చెప్పినవారూ వేరువేరు ఊళ్ళవాళ్ళు కారు. సర్వేవారు చదివి వినిపించే కారణాలు ఏడు: చెప్పకుండా బయటికి వెళ్ళడం, ఇల్లూ పిల్లలనూ పట్టించుకోకపోవడం, ఎదురు మాట్లాడటం, పడక నిరాకరించడం, వంట సరిగా చేయకపోవడం, శీలం మీద అనుమానం, అత్తమామల పట్ల అగౌరవం.

ఆ ఏడూ మా ఇంట్లో పైకి చదివాను. వంట దగ్గర నవ్వారు. అత్తమామల దగ్గర ఎవరూ నవ్వలేదు. వదినె మాత్రం కాసేపాగి, "అనుమానం అన్నది గూడ రాసిన్రా?" అని అడిగింది.

"రాసిన్రు వదినె. ఆరోది."