డిక్కీ ఎవరిది?

మా అబ్బాయి మొదటి జీతంతో కారులో సబ్‌వూఫర్ పెట్టిస్తానన్నాడు. దుకాణంలో పన్నెండంగుళాలది తీసుకోమన్నారట, వెయ్యి వాట్లన్నారట. మా ఆయన ఏమీ అనకుండా నా వైపు చూశారు. అంటే వద్దని చెప్పే పని నాదన్నమాట. ఆ డబ్బా డిక్కీలో పెడితే అత్తయ్యగారి చక్రాల కుర్చీ ఎక్కడ పెట్టాలి? కానీ తెలియని వస్తువును వద్దనడం నాకు చేతకాదు. అందుకే అసలు కారులోకి పాట ఎలా వచ్చిందో చదివాను. మొదటి నుంచీ తంటా అంతా రెండింటితోనే: బ్యాటరీ, జాగా.

1929లో అమెరికాలో ఇద్దరు కుర్రాళ్లు తమ స్నేహితురాళ్లను మిసిసిపీ నది చూపించడానికి కారులో తీసుకెళ్లారట. వాళ్లలో ఒకామె, ఇప్పుడు పాట కూడా ఉంటే ఎంత బాగుండు అందట. ఇది ప్రచారంలో ఉన్న కథ. కుర్రాళ్ల పేర్లు విలియం లియర్, ఎల్మర్ వేవరింగ్ అని అందరూ చెబుతారు. ఆ అమ్మాయి పేరు మాత్రం నాకెక్కడా కనిపించలేదు!

కథ సంగతి ఎలా ఉన్నా, 1930లో షికాగోలో పాల్ గాల్విన్ కంపెనీ కారు రేడియో చేసింది. అప్పటి రేడియోల్లో వాల్వులుండేవి. వాటికి వంద వోల్టుల పైనే కావాలి, కారు బ్యాటరీ చూస్తే ఆరు వోల్టులు. అందుకని వేరే బ్యాటరీలు తెచ్చి కారు అడుగున డబ్బాలో పెట్టేవారు. ఇంజన్ నిప్పురవ్వల వల్ల స్పీకర్లో ఒకటే గరగర. అట్లాంటిక్ సిటీలో రేడియో తయారీదారుల సభ జరుగుతుంటే, గాల్విన్ స్టాల్ లేకుండానే బయట కారు నిలబెట్టి, వచ్చేపోయేవాళ్లకు పాట వినిపించాడు. ఆ రేడియో పేరే మోటరోలా: మోటారులోంచి సగం, విక్ట్రోలా గ్రామఫోనులోంచి సగం.

తర్వాత 'వైబ్రేటర్' అనే చిన్న పరికరం వచ్చి, ఆరు వోల్టుల కరెంటును వాల్వులకు సరిపడా పెంచడానికి వీలు కల్పించింది. విడి బ్యాటరీల పెట్టె పోయింది. 1955లో ట్రాన్సిస్టర్ కారు రేడియో, ఆ మరుసటి ఏడే క్రైస్లర్ కార్లలో గ్రామఫోన్! గతుకుల్లో ముల్లు ఎగిరిపోక ఏం చేస్తుంది? 1963లో ఫిలిప్స్ క్యాసెట్ వచ్చింది. ఆ తర్వాతి సంగతి మనకు తెలిసిందే.

ఇక సబ్‌వూఫర్. మృదంగం ఎడమవైపు మోతలాంటి లోతైన శబ్దాలు దీని పని. చిన్న స్పీకర్ అంత గాలిని కదిలించలేదు. దీని పెట్టె ఎంత ఉండాలన్నది చాలాకాలం అందాజా వ్యవహారమే. 1961లో ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్, తర్వాత రిచర్డ్ స్మాల్ దానికి లెక్క కట్టారు. అంటే స్పీకర్ కొన్నాక దొరికిన పెట్టెలో బిగించడం కాదు, పెట్టెకు జాగా ఎంతుందో చూసుకుని స్పీకర్ ఎంచుకోవాలి. ఇడ్లీ పాత్రను బట్టి రేకులన్నట్టు. మూసిన పెట్టెలో మోత బిగువుగా ఉంటుంది, చిన్నదైనా సరిపోతుంది. రంధ్రమున్న పెట్టె గట్టిగా మోగుతుంది, జాగా ఎక్కువ తింటుంది.

వాట్ల దగ్గరే మోసపోయేది. కారు స్టీరియో మీద యాభై వాట్లని రాసినా, పన్నెండు వోల్టుల బ్యాటరీ మీద ఒక్కో స్పీకర్‌కు నిజంగా వచ్చేది ఇరవైకి అటూఇటూ. అందుకే ఆంప్లిఫయర్. అది లోపల వోల్టేజీ పెంచుకుంటుంది. 1930ల వైబ్రేటర్ పనే, కొత్త వేషంలో. కొనేటప్పుడు 'ఆర్‌ఎమ్‌ఎస్' అంకె చూడాలి, పెద్దక్షరాల 'మ్యాక్స్' కాదు. సబ్‌వూఫర్ ఎన్ని ఓములో ఆంప్లిఫయర్ అన్ని ఓముల దగ్గర ఎంతిస్తుందో కలిపి చూడాలి. రెండొందల యాభై వాట్లు కావాలంటే బ్యాటరీ నుంచి ఇరవై ఆంపియర్ల పైనే లాగుతుంది. లావు తీగ వేయాలి, బ్యాటరీ పక్కనే ఫ్యూజు ఉండాలి. అది లేకుండా తీగ ఎక్కడైనా ఒరుసుకుంటే కారు తగలబడుతుంది. దుకాణంలో ఈ సంగతి మావాడికి ఎవరూ చెప్పలేదు.

ఇవన్నీ వాడికి చెప్పి, టేపుతో డిక్కీ కొలిపించాను. చక్రాల కుర్చీ పెట్టాక మిగిలింది నాలుగు వేళ్ల జాగా. వాడే ఇంకో రకం వెతికాడు: సీటు కింద పట్టేది, ఎనిమిదంగుళాలది, ఆంప్లిఫయర్ అందులోనే ఉంటుంది. గుండెలదరగొట్టదని కొంచెం మొహం మాడ్చుకున్నాడు.

పోయిన గురువారం అత్తయ్యగారిని చెకప్‌కి తీసుకెళ్లాం. వయసుతో ఆవిడకు సన్నని స్వరాలు వినిపించడం తగ్గిపోయింది. దారిలో, "మృదంగం ఎవరురా?" అని అడిగారు.