చిట్టా నుంచి సిబిల్ దాకా: పాలమూరు అప్పుల రాతలు, వాటిని ప్రశ్నించే హక్కు

వనపర్తిలో ఒక ప్రైవేటు పాఠశాల ఉపాధ్యాయుడు ఇల్లు కట్టుకోవడానికి బ్యాంకు అప్పుకు దరఖాస్తు పెట్టాడనుకుందాం. జీతం సరిపోతుంది, స్థలం కాగితాలు సరిగానే ఉన్నాయి. అయినా దరఖాస్తు తిరిగి వచ్చింది. ఆరేళ్ళ కిందట తీసుకున్న ఒక క్రెడిట్ కార్డు మీద బాకీ ఎగవేసినట్లు ఆయన రుణచరిత్రలో నమోదై ఉంది. ఆ బాకీ ఆయన ఎప్పుడో కట్టేశాడు, రసీదు కూడా ఉంది. మేనేజరు మాత్రం, "సిబిల్‌లో అలా చూపిస్తోంది సార్, మా చేతుల్లో లేదు" అంటాడు.

ఇదే ప్రాంతంలో ఆ ఉపాధ్యాయుడి తాతగారి కాలంలో ఒక రైతు షావుకారు అరుగు ముందు నిలబడి, "పోయిన పంటకే ముట్టజెప్పాను గదా" అంటే వచ్చిన జవాబు కూడా ఇలాంటిదే: "ఖాతాలో అట్లా లేదు." ఈ రెండు జవాబుల మధ్య సుమారు నూరేళ్ళ చరిత్ర ఉంది. అప్పు ఎంత, వడ్డీ ఎంత అన్న ప్రశ్నల గురించి మన ఆర్థిక చరిత్ర గ్రంథాలు చాలా రాశాయి. అప్పు గురించిన రాత ఎవరి చేతిలో ఉంది, అది తప్పయితే ఎవరికి చెప్పుకోవాలి అన్న ప్రశ్నను అంతగా పట్టించుకోలేదు. ఈ పాఠంలో దానినే పరిశీలిస్తాం.

చెల్లు రాయని నోటు

నేటి జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలు 2016 అక్టోబరు 11న ఏర్పడ్డాయి. అంతకు ముందు ఇవి మహబూబ్‌నగర్ జిల్లాలో భాగం. ఇంకా వెనక్కు వెళితే గద్వాల, వనపర్తి నిజాం రాజ్యంలోని సంస్థానాలు. 1949లో జాగీర్ల రద్దుతో సంస్థానాధిపతుల పాలన ముగిసింది. కృష్ణా తుంగభద్రల మధ్య ఉన్న నడిగడ్డలో కూడా నీళ్ళు అందని పొలాలే ఎక్కువ. వాన తప్పితే రైతుకు విత్తనానికీ తిండికీ అప్పే గతి.

ఆ అప్పు రెండు రూపాల్లో ఉండేది. గింజల రూపంలో తెచ్చుకుంటే దాన్ని 'నాగు' అనేవారు. పుట్టెడు తెస్తే కల్లం మీద పుట్టిన్నర కొలవాలి. డబ్బు రూపంలో తెస్తే షావుకారు చిట్టాలో ఆనాటి పద్దుగా రాసి, తరవాత ఆవర్జాలో ఆ రైతు పేరు కింద ఎక్కించేవాడు. పెద్ద మొత్తమైతే నోటు రాయించుకునేవాడు. చదువు రాని రైతు వేలిముద్ర వేసేవాడు. కొన్నిసార్లు అది ఖాళీ కాగితం మీద పడేది.

ఇక్కడ మనం ఆగి చూడవలసిన మాట 'చెల్లు'. రైతు కొంత సొమ్ము తిరిగి ఇచ్చినప్పుడు నోటు వెనక తేదీ వేసి ఇంత ముట్టిందని రాయడమే చెల్లు వేయడం. చెల్లు పడకపోతే ఇచ్చిన సొమ్ము ఇవ్వనట్లే. నోటు గడువు తీరుతున్నదంటే వడ్డీని అసలులో కలిపి కొత్త నోటు రాయించుకునేవారు. తిరగరాసిన నోటులో పాత చెల్లులు కనిపించవు. అప్పు ఎక్కడ మొదలైందో, మధ్యలో ఎంత కట్టారో తెలిపే సాక్ష్యం ఆ కాగితంతోనే మాయమయ్యేది. రైతుకు అన్యాయం చేసింది వడ్డీ శాతం ఒక్కటే కాదు, ఈ తిరగరాత కూడా.

చట్టం రాతను అనుమానించిన వైనం

మన భీమా నది ఎగువన, పూణే జిల్లాలోని సూపే గ్రామంలో 1875 మే 12న రైతులు షావుకార్ల ఇళ్ళ మీద పడ్డారు. వారు వెతికింది ముఖ్యంగా బాండ్లనూ ఖాతా పుస్తకాలనూ. దొరికినవాటిని తగలబెట్టారు. చరిత్రకారులు దీన్ని దక్కన్ అల్లర్లు అంటారు. పేరు చూస్తే ఏదో గలాటాలా అనిపిస్తుంది గానీ, ఆ రైతులు ఏం కాల్చాలో చాలా స్పష్టంగా తెలిసినవారు. తమకు వ్యతిరేకంగా ఉన్న రాతను సవరించుకునే దారి లేనప్పుడు దాన్ని కాల్చడం తప్ప వారికి మరో మార్గం కనిపించలేదు. ఏడు దశాబ్దాల తరవాత తెలంగాణ సాయుధ పోరాటంలో కూడా గ్రామాల్లో అప్పు పత్రాలను తగలబెట్టారు.

అల్లర్ల ఫలితంగా 1879లో దక్కన్ వ్యవసాయదారుల ఉపశమన చట్టం వచ్చింది. నోటు మీద ఉన్న అంకెను న్యాయస్థానం అలాగే నమ్మకూడదని, లావాదేవీని మొదటి నుంచి విచారించాలని అది చెప్పింది. అంటే తిరగరాసిన నోటు వెనక దాగిన చరిత్రను తవ్వి చూసే అధికారం వచ్చిందన్న మాట. అంతకు ముందే, 1872 నాటి భారత సాక్ష్య చట్టం 34వ సెక్షన్ ఒక ముఖ్యమైన సూత్రాన్ని పెట్టింది: వ్యాపారంలో క్రమంగా రాసే లెక్కల పుస్తకాల్లోని పద్దులను సాక్ష్యంగా చూడవచ్చు, కానీ ఆ పద్దు ఒక్కదాని ఆధారంతోనే ఎవరి మీదా బాధ్యత మోపడానికి వీల్లేదు. హైదరాబాద్ రాష్ట్రం భారత యూనియన్‌లో కలిశాక ఈ చట్టం ఇక్కడికీ వచ్చింది. 1998లో జైన్ డైరీల కేసులో సుప్రీంకోర్టు విస్తృతంగా చర్చించిన సెక్షన్ ఇదే. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలో ఇది 28వ సెక్షన్‌గా కొనసాగుతోంది.

పంజాబులో 1930లో వచ్చిన లెక్కల నియంత్రణ చట్టం మరో అడుగు ముందుకు వేసింది. ప్రతి రుణగ్రస్తుడికీ విడిగా లెక్క రాయాలి, ఆరునెలలకొకసారి ఆ లెక్క అతనికి పంపాలి. అందుకున్నవాడు మాట్లాడకుండా ఊరుకున్నంత మాత్రాన ఆ లెక్కను ఒప్పుకున్నట్లు కాదు. నిజాం ప్రభుత్వం 1349 ఫసలీలో, అంటే 1939–40 ప్రాంతంలో, వడ్డీ వ్యాపారుల చట్టం తెచ్చింది. లైసెన్సులు, లెక్కలు అన్న మాటలు అలా ఈ ప్రాంతపు చట్టంలోకి కూడా ప్రవేశించాయి. గ్రామంలో షావుకారుకూ రైతుకూ ఉన్న అంతరం మాత్రం చట్టంతో తగ్గిపోలేదు.

మేస్త్రీ పుస్తకం

అప్పు తీర్చలేనివాడు తానే వెళ్ళి జీతం ఉండటం మరో మార్గం. నిజాం రాజ్యంలో దీన్ని భగేలా అనేవారు. 1936లో ప్రభుత్వం భగేలా ఒప్పందాలను నియంత్రిస్తూ నిబంధనలు చేసినా పల్లెల్లో వాటి ప్రభావం స్వల్పమే.

స్వాతంత్ర్యం తరవాత పాలమూరు పేరు దేశమంతటా ఆనకట్టల దగ్గర వినిపించింది. 'పాలమూరు లేబర్' అన్న మాట ఒక వృత్తి పేరు అయిపోయింది. గుంపు మేస్త్రీ ఊళ్ళోకి వచ్చి పండగకో పెళ్ళికో అడ్వాన్సు ఇస్తాడు. కుటుంబం దూరదేశం వెళ్ళి నెలల తరబడి మట్టి మోస్తుంది. వారం వారం తిండికి ఖర్చీ ఇస్తారు. ఆఖరున లెక్క చూస్తారు. ఆ లెక్క మేస్త్రీ పుస్తకంలో ఉంటుంది, కూలీ దగ్గర నకలు ఉండదు. ఎన్ని రోజులు పని చేశారో, జ్వరం వచ్చిన రోజులు ఎలా కోశారో చెప్పేది ఆ పుస్తకమే.

1975 అక్టోబరులో ఆర్డినెన్సుగా వచ్చి 1976లో చట్టమైన వెట్టిచాకిరీ వ్యవస్థ నిర్మూలన చట్టం ఇక్కడే కీలకమైన మార్పు చేసింది. 6వ సెక్షన్ వెట్టి అప్పు చెల్లించే బాధ్యతను రద్దు చేసింది. దానికంటే మన అంశానికి దగ్గరగా ఉన్నది 15వ సెక్షన్: ఇది వెట్టి అప్పు అని కూలీ అంటే, కాదని నిరూపించవలసిన భారం అప్పు ఇచ్చినవాడిది. రాత ఎవరి దగ్గర ఉందో వారే నిరూపించాలన్న సూత్రం మన చట్టాల్లో ఇంత స్పష్టంగా మరోచోట అరుదు. ఈ మాట గుర్తుంచుకోండి, చివర్లో అవసరపడుతుంది.

ఈ పద్ధతి పోయిందని కూడా అనుకోవద్దు. నడిగడ్డలో విత్తన పత్తి సాగు చేసే రైతులకు కంపెనీల తరఫున ఆర్గనైజర్లు పెట్టుబడి ఇస్తారు. విత్తనం అప్పజెప్పాక అసలూ వడ్డీ పట్టుకుని మిగిలినది ఇస్తారు. అక్కడా పద్దు ఆర్గనైజరుదే.

మీ ప్రగతిని పరిశీలించుకోండి: నోటు తిరగరాయడం వల్ల రైతు కోల్పోయిన సాక్ష్యం ఏమిటి?

కార్డు వచ్చింది, ఖాతా ముంబయికి వెళ్ళింది

క్రెడిట్ కార్డును మన దేశంలో తొలినాళ్ళలోనే ప్రవేశపెట్టిన బ్యాంకుల్లో ఒకటి తెలుగువారిదే. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో మచిలీపట్నంలో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 1981లో కార్డులు ఇచ్చింది. 2020 ఏప్రిల్ 1న ఆ బ్యాంకు యూనియన్ బ్యాంకులో విలీనమైంది.

అప్పు తీసుకునేవారి చరిత్రను ఒకచోట పోగు చేసే ఆలోచన మాత్రం చాలా పాతది. 1841లో న్యూయార్క్‌లో లూయిస్ టప్పన్ అనే వ్యాపారి మర్కంటైల్ ఏజెన్సీ పెట్టి, ఊరూరా ఉన్న ప్రతినిధుల ద్వారా వర్తకుల నమ్మకస్థత గురించి రాయించి అమ్మేవాడు. తన గురించి తప్పు రాశారని ఒహాయోకు చెందిన బియర్డ్‌స్లీ అనే వర్తకుడు దావా వేశాడు. అది దాదాపు రెండు దశాబ్దాలు సాగి అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. తన రుణచరిత్రను చూసుకునే, తప్పును సవాలు చేసే హక్కు అమెరికన్లకు చట్టరూపంలో దక్కింది 1970లో.

మన దేశంలో సిబిల్ సంస్థ 2000లో ఏర్పడింది. రుణ సమాచార సంస్థల నియంత్రణ చట్టం 2005లో వచ్చింది. ఇప్పుడు ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, క్రిఫ్ హైమార్క్ అనే నాలుగు సంస్థలున్నాయి. వాడుకలో అన్నింటినీ 'సిబిల్' అనేస్తున్నాం, వనస్పతిని డాల్డా అన్నట్లు.

పాలమూరు పల్లెలకు ఈ కొత్త ఖాతా సెగ తగిలింది కార్డుల వల్ల కాదు, సూక్ష్మరుణాల వల్ల. వసూళ్ళ ఒత్తిడి, ఆత్మహత్యల వార్తల నేపథ్యంలో 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సూక్ష్మరుణ సంస్థలను నియంత్రిస్తూ ఆర్డినెన్సు తెచ్చింది. వసూళ్ళు దాదాపు నిలిచిపోయాయి. లక్షలాది మహిళలు ఎగవేతదారులుగా మిగిలారు. 2011 జనవరిలో మాలెగాం కమిటీ నివేదిక ఇచ్చాక సూక్ష్మరుణ సంస్థలు కూడా రుణ సమాచార సంస్థల్లో చేరవలసి వచ్చింది. గుంపులో తోటి సభ్యురాలి కోసం సంతకం పెట్టినామె కూడా తన పేరు మీద ఒక చరిత్ర తయారవుతోందని అప్పుడు అనుకుని ఉండదు.

అభ్యంతరం ఎలా చెప్పాలి

ఇప్పుడు మన ఉపాధ్యాయుడి దగ్గరకు వద్దాం. 2005 చట్టం 21వ సెక్షన్ ప్రకారం ఆయన తన నివేదిక నకలు అడగవచ్చు, తప్పును సరిదిద్దమని కోరవచ్చు. 30 రోజుల్లో చర్య తీసుకోవాలి. 2017 నుంచి ప్రతి సంస్థా ఏడాదికి ఒక పూర్తి నివేదికను ఉచితంగా ఇవ్వాలి. నాలుగింటిలోనూ తెప్పించుకోవడం మంచిది, ఒకదానిలో సరిచేసినది మరోదానిలో అలాగే ఉండిపోవచ్చు.

నివేదికలో చూడవలసిన మాటలు కొన్ని ఉన్నాయి. 'క్లోజ్డ్' అంటే బాకీ పూర్తిగా తీరింది. 'సెటిల్డ్' అంటే ఎంతో కొంత తగ్గించి రాజీ పడ్డారు, ఇది మచ్చే. 'రిటెన్ ఆఫ్' అంటే బ్యాంకు తన లెక్కల్లో రానిబాకీ కింద రాసుకుంది. దానితో బాకీ పోయిందని చాలామంది పొరబడతారు, పోదు.

క్రెడిట్ కార్డుల మీద రిజర్వు బ్యాంకు 2022లో ఇచ్చిన ఆదేశాలు ఇంకా నిర్దిష్టంగా ఉన్నాయి. గడువు దాటి మూడు రోజులు మించితేనే బకాయిగా తెలియజేయాలి. యాక్టివేట్ చేయని కొత్త కార్డు వివరాలు పంపకూడదు. ఎగవేతగా నమోదు చేసే ముందు కార్డుదారుడికి చెప్పాలి. తరవాత అతను బాకీ తీరిస్తే 30 రోజుల్లో ఆ సంగతి నమోదు చేయించాలి. ఈ చివరి నియమాన్ని పాత మాటల్లో చెప్పాలంటే, సొమ్ము ముట్టిన నెలలోపు చెల్లు వేయాలి.

రిజర్వు బ్యాంకు 2023 అక్టోబరులో మరో నిబంధన తెచ్చింది. ఫిర్యాదు చేసిన 30 రోజుల్లో పరిష్కారం కాకపోతే, ఆపై ఆలస్యమైన ప్రతి రోజుకూ 100 రూపాయలు ఫిర్యాదుదారుడికి పరిహారంగా చెల్లించాలి. ఇది 2024 ఏప్రిల్ 26 నుంచి అమలైంది. సవరణ కోరికను తిరస్కరిస్తే కారణం చెప్పాలి. ఉపాధ్యాయుడు రసీదు, ఖాతా వివరాలు జతచేసి కార్డు ఇచ్చిన సంస్థకూ రుణ సమాచార సంస్థకూ రాతపూర్వకంగా పంపాలి, ఫిర్యాదు సంఖ్య దాచుకోవాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు తృప్తి ఇవ్వకపోయినా, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. 2022 సెప్టెంబరు 1 నుంచి రుణ సమాచార సంస్థలు కూడా ఆ పరిధిలోకి వచ్చాయి. వినియోగదారుల కమిషన్ మరో దారి. 2019 చట్టం వచ్చాక సంస్థ కార్యాలయం ఉన్న ఊరికి పోనక్కరలేదు, ఫిర్యాదుదారుడు నివసించే చోటే వేయవచ్చు. నాగర్‌కర్నూల్ మనిషికి ఇది చిన్న విషయం కాదు.

కానీ 21వ సెక్షన్‌లోనే ఒక షరతు ఉంది. అప్పు ఇచ్చిన సంస్థ సరైనదని ధ్రువీకరించనిదే రుణ సమాచార సంస్థ తనంతట తాను రాతను మార్చదు. రసీదు ఉపాధ్యాయుడి చేతిలో ఉన్నా, దాన్ని ఒప్పుకోవలసింది మొదట రాసిన సంస్థే. 1976 చట్టం భారాన్ని అప్పు ఇచ్చినవాడి మీద పెట్టింది. ఇక్కడ అలాంటి మాట లేదు. ఆ సంస్థ ధ్రువీకరించకపోతే ఉపాధ్యాయుడు అంబుడ్స్‌మన్ దాకానో కమిషన్ దాకానో వెళ్ళక తప్పదు. ఈ లోపు ఇంటి పునాది గోతులు వానకు నిండుతాయి.

అభ్యాస కార్యం: మీ ఇంట్లోనో బంధువుల ఇంట్లోనో పాత ప్రామిసరీ నోటు గానీ, మేస్త్రీ ఇచ్చిన చీటీ గానీ, సంఘం అప్పు పుస్తకం గానీ ఉందేమో అడగండి. నోటు అయితే వెనక వైపు చెల్లులు ఎవరి చేతిరాతతో ఉన్నాయో చూడండి. మీ సొంత రుణ నివేదికను కూడా తెప్పించుకుని, రెండింటినీ పోలుస్తూ రెండు పుటలు రాయండి. పేర్లూ ఖాతా సంఖ్యలూ రాయవద్దు.