ఇనుముపై బంగారు లత

మ్యూజియంలలో పాత కత్తుల పిడులపైన, డాళ్లపైన బంగారు లతలు మెరుస్తుండటం మీరు చూసే ఉంటారు. అవి రంగుతో వేసినవి కావు. ఉక్కుపై బంగారు తీగను సుత్తితో కొట్టి నిలిపినవి. ఈ కళను కోఫ్త్‌గారీ అంటారు. పారశీక భాషలో ‘కోఫ్తన్’ అంటే కొట్టడం. అక్బరు కాలపు ‘అయిన్-ఇ-అక్బరీ’లోనే ఈ పనివారి ప్రస్తావన ఉంది.

జిగురు లేకుండా, టంకం లేకుండా ఉక్కును బంగారం ఎలా పట్టుకుంటుంది? బంగారం మెత్తని లోహం. దెబ్బ తగిలితే పగలదు, సాగుతుంది. ఉక్కు గట్టిది. ఈ తేడాయే కళకు ఆధారం.

ఇందులో రెండు పద్ధతులున్నాయి. మొదటిది ‘తహ్‌నిషాన్’. ఉక్కులో ఉలితో లోతైన గాడి తొలుస్తారు. అందులో తీగ పెట్టి కొడితే, బంగారం గాడి అంతా నిండి బిగుసుకుంటుంది. ఇది తరాల తరబడి నిలుస్తుంది. కాని బంగారం, శ్రమ ఎక్కువ పడతాయి. రెండవ పద్ధతిలో ఉక్కుపై సన్నని గీతలు అడ్డదిడ్డంగా గీసి గరుకు చేస్తారు. దానిపై వెంట్రుకలాంటి తీగను పరచి కొడితే, గీతల అంచులు బంగారాన్ని పట్టుకుంటాయి. తరువాత అకీకు రాతితో రుద్ది మెరుగు పెడతారు. ఖర్చు తక్కువే, కాని రాపిడికి త్వరగా అరిగిపోతుంది.

ఆపై ఉక్కును సుమారు 300 డిగ్రీల సెల్సియస్ వరకు వేడిచేస్తే, దానిపై పలుచని ఆక్సైడు పొర ఏర్పడి నీలంగా కనిపిస్తుంది. బంగారం ఆక్సిజన్‌తో కలవదు కనుక పచ్చగానే ఉంటుంది. నీలిరంగుపై పసిడి లత అలా వెలుగుతుంది.

మేలైన కత్తులకు మేలైన ఉక్కు కావాలి. నిజామాబాద్ జిల్లా కోనసముద్రం వంటి ఊళ్లలో మూసల్లో కరిగించి తీసిన ఉక్కు పర్షియా దాకా వెళ్లింది.

పంజాబులోని సియాల్‌కోట్, గుజరాత్ పట్టణాలు ఈ పనికి పేరుపొందాయి. 1849లో బ్రిటిషువారు పంజాబును ఆక్రమించారు. 1878 ఆయుధాల చట్టంతో కత్తి పట్టేందుకు లైసెన్సు అవసరమైంది. గిరాకీ పోయిన పనివారు పళ్లేలు, సిరాబుడ్లు, కాగితాలు కోసే కత్తులు చేసి తెల్లదొరలకు అమ్ముకున్నారు. చేయి అదే, వస్తువు మారింది. ఉదయపూర్‌లో కొన్ని కుటుంబాలు ఈ పనిని నేటికీ చేస్తున్నాయి.

పాత వస్తువులకు ఇప్పుడు శత్రువు తుప్పు. తేమ తగిలితే, బంగారాన్ని ఆనుకున్న ఇనుము మరింత త్వరగా తుప్పుపడుతుంది. ఆ తుప్పు ఉబ్బి, పైనున్న తీగను లేపేస్తుంది. అందుకే ఇంట్లో ఇలాంటి పాత వస్తువుంటే చింతపండుతోనో, ఇసుకతోనో తోమకండి. ఒక్క తోముడుకే శతాబ్దాల లత చెరిగిపోవచ్చు. పొడిగా ఉంచండి, చాలు.