స్టీల్ టో బూటు కొండెక్కితే ఏమవుతుంది?

ఇవాళ మన టాపిక్ బూటు. ముందు భాగంలో స్టీల్ క్యాప్ ఉంటుంది కదా, ఆ సేఫ్టీ బూటే. "దీంట్లో చరిత్రేముంది బ్రో?" అనుకుంటున్నారా? చాలా ఉంది. అసలు సంగతి ముందే చెప్పేస్తా. సేఫ్టీ టో పుట్టింది చదునైన ఫ్యాక్టరీ నేల కోసం. కొండవాలు మీద పనిచేసేవాళ్ల బూటు మాత్రం వేరే చోట, వేరే భయంలోంచి పుట్టింది. ఈ రెండు కథలూ తెలిస్తే ఏ బూటు కొనాలో మనకే అర్థమైపోతుంది.

మొదటి కథ ఫ్యాక్టరీది. అక్కడ భయమల్లా పైనుంచి పడే వస్తువు గురించే. చేతిలోంచి ఇనుప ముక్క జారితే కాలివేళ్లు నుజ్జవుతాయి. 1905లో అమెరికాలోని మిన్నెసోటాలో మొదలైన రెడ్ వింగ్ కంపెనీ 1930ల్లో స్టీల్ టో బూట్లు అమ్మింది. తర్వాత అమెరికాలో జడ్41 అనే స్టాండర్డ్ వచ్చింది. టో క్యాప్ ఎంత దెబ్బకి ఆగాలో లెక్క కట్టారు. ఇప్పుడు యూరప్‌లో ఆ లెక్క 200 జౌల్స్. మన ఐఎస్ 15298లోని సేఫ్టీ ఫుట్‌వేర్‌కీ అంతే. అంటే దాదాపు 20 కిలోల బరువు మీటర్ ఎత్తు నుంచి పడినంత దెబ్బ. అమెరికా లెక్క 75 ఫుట్ పౌండ్లు, మన భాషలో సుమారు 102 జౌల్స్.

ఇక్కడో మాట. "స్టీల్ క్యాప్ వంగితే వేళ్లు తెగిపోతాయి" అని చాలామంది అంటారు. మిత్‌బస్టర్స్ టీవీ షోలో దీన్ని టెస్ట్ చేసి, అది అపోహేనని తేల్చారు. కాబట్టి ఆ భయంతో సేఫ్టీ బూటు మానేయకండి.

రెండో కథ అడవిది. అమెరికా పశ్చిమ తీరంలో వాషింగ్టన్, ఒరెగాన్ రాష్ట్రాలు. నిటారు కొండలు, ఎప్పుడూ వాన, నాచు పట్టిన దుంగలు. అక్కడ చెట్లు కొట్టేవాళ్లకి కాలి మీద ఏదో పడటం ఒక భయమైతే, కాలు జారి తామే పడిపోవడం అంతకన్నా పెద్ద భయం. అందుకే వాళ్ల బూట్లకి కింద ఇనుప మేకులు ఉండేవి. వాటిని కాక్ బూట్స్ అంటారు. మడమ ఎత్తుగా ఉంటుంది, దిగేటప్పుడు మట్టిలోకి దిగబడి పట్టు ఇవ్వడానికి. తోలు చీలమండ దాటి పైదాకా వస్తుంది. ఇలాంటి బూట్ల కోసం 1918లో పోర్ట్‌లాండ్‌లో వెస్కో కంపెనీ పెట్టినాయన పేరు జాన్ హెన్రీ షూమేకర్. ఇంటిపేరే చెప్పులు కుట్టేవాడు అని! డానర్ కంపెనీ కూడా 1932లో విస్కాన్సిన్‌లో పుట్టి, 1936లో ఈ చెట్లు కొట్టేవాళ్ల కోసమే పోర్ట్‌లాండ్‌కి మారింది.

మూడో కథ ఇంకా బరువైంది. 1935లో ఇటలీ ఆల్ప్స్‌లో పుంటా రాసికా దగ్గర మంచు తుఫానులో చిక్కుకుని ఆరుగురు పర్వతారోహకులు చనిపోయారు. అప్పట్లో కొండ దాకా మేకుల బూట్లు, రాయి ఎక్కడానికి పల్చటి షూస్ వాడేవాళ్లు. ఆ చలికి పల్చటి షూస్ ఏ మూలకి? చనిపోయినవాళ్ల స్నేహితుడు విటాలే బ్రమాని, రాయి మీదా మంచు మీదా పనిచేసే ఒకే సోల్ కావాలని పట్టుబట్టాడు. పిరెల్లీ టైర్ల కంపెనీ సాయంతో 1937లో లోతైన గాళ్లున్న రబ్బర్ సోల్ తెచ్చాడు. ఆయన పేరులోంచే వైబ్రమ్ అనే పేరు పుట్టింది. 1954లో కే2 శిఖరాన్ని మొదటిసారి ఎక్కిన ఇటలీ జట్టు కాళ్లకి ఉన్నదీ ఈ సోలే. ఇవాళ మంచి వర్క్ బూటు తిప్పి చూస్తే కనిపించే ఆ గాళ్ల వెనక ఆరు ప్రాణాలున్నాయి.

సరే, ఫ్యాక్టరీ క్యాప్‌ని కొండ మీదికి తీసుకెళ్తే ఏమవుతుంది? దిగేటప్పుడు పాదం ముందుకి జారుతుంది. మామూలు బూటైతే తోలు కాస్త సాగుతుంది. స్టీల్ సాగదు. అడుగడుక్కీ బొటనవేలు గోడకి కొట్టుకున్నట్టే. సాయంత్రానికి గోరు నల్లబడుతుంది, మనిషి కుంటుతాడు. కుంటేవాడే జారి పడతాడు. కాపాడాల్సిన బూటే పడేసినట్టు. అమెరికా లాగింగ్ రూల్ అడిగేవి చూడండి. నీళ్లు దిగకూడదు, చీలమండకి ఆసరా ఉండాలి, నేలని బట్టి అవసరమైతే జారని సోల్ ఉండాలి. చైన్ సా పట్టేవాళ్లకైతే కోతకి ఆగే మెటీరియల్ ఉండాలి.

నాకు కోపం తెప్పించే విషయం ఒకటుంది. కార్మికుల సేఫ్టీ సామాన్లకి యజమానే డబ్బు పెట్టాలని అమెరికా 2007లో రూల్ తెచ్చింది. కానీ అందులో మినహాయింపులు పెట్టారు. వాటిలో లాగింగ్ బూట్లూ ఉన్నాయి! అత్యంత ప్రమాదకరమైన పనుల్లో ఒకటి చేసేవాడు తన బూటు తానే కొనుక్కోవాల్సి రావచ్చు. జేబు పల్చగా ఉంటే పల్చటి సోలే వస్తుంది.

ఇక మన సంగతి. క్వారీ అయినా, ఓపెన్‌కాస్ట్ గని అయినా, ఘాట్ రోడ్డు పని అయినా, బూటు కొనేటప్పుడు ఇవి చూసుకోండి. సాయంత్రం పూట, పాదం కాస్త ఉబ్బి ఉన్నప్పుడు, పనిలో వేసుకునే సాక్స్‌తోనే వేసి చూడండి. లేసులు బిగించి మెట్లు దిగండి. వేళ్లు క్యాప్‌కి తగిలాయా? ఆ జత వద్దు. సైజు పెంచి సరిపెట్టుకోకండి, మడమ లూజై ఇంకా జారుతుంది. వెడల్పు ఎక్కువున్న మోడల్ అడగండి. కాంపోజిట్ క్యాప్ చలిని, వేడిని తొందరగా లోపలికి రానివ్వదు, కాకపోతే కాస్త మందంగా ఉంటుంది. సోల్ గాళ్లు లోతుగా ఉన్నాయో లేదో చూడండి. ఐఎస్‌ఐ మార్కు చూడండి. క్యాప్ మీద ఒకసారి గట్టి దెబ్బ పడితే, పైకి బాగానే కనిపించినా ఆ బూటు పక్కన పెట్టేయండి.

గుర్తుంచుకోండి ఫ్రెండ్స్, కాలి మీద బరువు పడటం వేరు, మనమే పడటం వేరు. కొండ మీద పనిచేసే బూటు రెండిటికీ జవాబు చెప్పాలి. మీ ఇంట్లో ఇలాంటి పనికి వెళ్లేవాళ్లుంటే ఈ వీడియో వాళ్లకి పంపండి. మళ్లీ కలుద్దాం, ఉంటాను మరి!