తీరువా కట్టినవాడి ప్రశ్న

మా తాడేపల్లిగూడెం మీదుగా పోయే ఏలూరు కాలువ విజ్జేశ్వరం దగ్గర గోదావరిని వదిలి, ఏలూరులో కృష్ణ నుంచి వచ్చే కాలువను కలుస్తుంది. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852కి పూర్తయిందని, కాటన్ దొర మహానుభావుడని బళ్ళో చదువుకున్నాం, ఊరూరా విగ్రహాలు పెట్టుకున్నాం. ఆ నీటికి ఎవరు ఎంత వెల కట్టారు, ఏమనుకుంటూ కట్టారు అన్నది మాత్రం మాకెవరూ చెప్పలేదు.

నీటి తీరువాకు చట్టరూపం ఇచ్చింది 1865 నాటి మద్రాసు ఇరిగేషన్ సెస్ చట్టం. ప్రభుత్వ కాలువల నుంచో, ప్రభుత్వానివని చెప్పుకున్న నదుల నుంచో నీళ్ళు పారితే పన్ను వేయొచ్చు. రేటు ఎంతో ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. కట్టేవాడిని అడగాలన్న నియమం అందులో లేదు. అసలు నది ప్రభుత్వానిదేనా అన్న ప్రశ్న వంశధార ఒడ్డున ఉర్లాం జమీందారీ నుంచి బయల్దేరి లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్ళింది. శాశ్వత పైసలాతో సంక్రమించిన నీటిహక్కు మీద కొత్తగా పన్ను వేయడం కుదరదని 1917లో తీర్పొచ్చింది. గెలిచింది జమీందారు. లండన్ దాకా వెళ్ళే స్తోమతు డెల్టాలోని సన్నకారు రైతుకి ఎక్కడిది?

ఆ రైతుకి మిగిలిన దారి సభ పెట్టి అరవడం. ముప్ఫై ఏళ్ళకొకసారి జరిగే రీసెటిల్మెంటు పేరిట 1929 ప్రాంతంలో కృష్ణా, గోదావరి జిల్లాల్లో శిస్తు 18.75 శాతం, అంటే రూపాయికి మూడణాలు, పెంచారు. ధరలు పెరిగాయి కదా అన్నది సర్కారు లెక్క. అంతలోనే ప్రపంచ మాంద్యం వచ్చి ధాన్యం ధర కూలిపోయింది. ఎన్.జి. రంగా లాంటివాళ్ళు రైతు సంఘాలు కట్టి ఊళ్ళన్నీ తిరిగారు. ఆ ఆందోళన వెనక ఉన్నది పెరిగిన అణాలు మాత్రమే కాదని నాకనిపిస్తుంది. ధర పెరిగితే పన్ను పెంచేవాడు, పడిపోతే వెంటనే ఎందుకు తగ్గించడు? లెక్క ఒకవైపే నడుస్తోందని రైతుకి అర్థమైంది.

అయినా తీరువా కట్టేవారు. ఎందుకంటే తీసుకునేవాడు కళ్ళెదుట ఉండేవాడు. కరణం ఊళ్ళోనే, లస్కరు కాలువ గట్టునే. నీళ్ళు రాకపోతే ఎవరింటి ముందు నిలబడాలో తెలుసు. కరణాలు న్యాయంగా ఉండేవారని కాదు నేననేది, దొరికేవారు అంటున్నా. 1984లో ఆ ఉద్యోగాలు రద్దయ్యాయి. దౌర్జన్యం కొంత తగ్గింది, నిజమే. దాంతోపాటు నిలదీసే గుమ్మం కూడా పోయింది.

1996-97లో సార్వా పంటకి ఎకరాకి 60 రూపాయలున్న పన్ను 200 అయింది. దాళ్వాకి 150, చేపల చెరువుకి ఏడాదికి 500. దానికి బదులుగా 1997లో రైతుల యాజమాన్య చట్టం తెచ్చి, పదివేలకు పైగా నీటి సంఘాలకు ఎన్నికలు జరిపారు. మీ పన్నులో వాటా మీ కాలువకే వస్తుందన్నారు. మంచి మాటే. కానీ వసూలు రెవెన్యూ శాఖ చేతిలోనే ఉండిపోయింది. ఏ కాలువ మీద ఎంత వసూలైంది, తిరిగి ఎంత వచ్చింది అన్నది గట్టు మీద నిలబడ్డ రైతుకి కనిపించే లెక్క కాలేదు.

ఇక కొల్లేరు. డెల్టా పొలాల మురుగూ, ఏలూరు మురుగూ, బుడమేరు, తమ్మిలేరుల వరదా చేరేది అక్కడికే. బయటికి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే. 1976 ప్రాంతంలో ప్రభుత్వమే సొసైటీలు పెట్టించి, సరస్సులో చేపల చెరువులు తవ్వించింది. తర్వాత పెట్టుబడిదారులు లీజులతో దిగి గట్లు పెంచుకుంటూ పోయారు. 1999లో ఐదో కాంటూరు వరకు, 308 చదరపు కిలోమీటర్లు, అభయారణ్యం అన్నారు. 2002లో రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరిట గట్లు పేల్చారు. 2008లో హద్దుని మూడో కాంటూరుకి తగ్గించాలని శాసనసభ తీర్మానం చేసింది. కేంద్రం వేసిన అజీజ్ కమిటీ వద్దంది.

ఇప్పుడు లంక గ్రామంలో వలేసుకు బతికేవాడి వైపు నుంచి చూడండి. చెరువు తవ్వమన్నదీ సర్కారే, పేల్చిందీ సర్కారే, హద్దు మారుద్దామన్నదీ సర్కారే. ఇందులో ఏది చట్టమని నమ్మాలి? గట్టు మళ్ళీ కట్టేవాడికి ఆశ ఉంటుంది, సరే. కానీ ఈసారి రూలు కూడా నాలుగేళ్ళే అన్న ధీమా అతనికి ఇచ్చిందెవరు?

గట్లు పేల్చడం తప్పని నేననను. ఉప్పుటేరు పూడితే ముందు మునిగేది పైనున్న వరిచేలే. ఎకరాకి రెండొందలంటే ఇవాళ బస్తా ధాన్యం ఖరీదులో నాలుగో వంతు కూడా కాదు. కాబట్టి పేచీ రేటు దగ్గర లేదు. కట్టినదానికి జవాబు దొరకని చోట రెండొందలైనా దండగే అనిపిస్తుంది.

2024 డిసెంబరులో నీటి సంఘాలకు మళ్ళీ ఎన్నికలు జరిగాయి. గెలిచినవాళ్ళు పెద్ద పనులేమీ చేయక్కర్లేదు. ఈ కాలువ మీద వసూలైన తీరువా ఇంత, తిరిగొచ్చింది ఇంత, పూడిక తీతకి ఖర్చయింది ఇంత అని ప్రతి లాకు దగ్గరా బోర్డు మీద రాసి పెడితే చాలు. కొల్లేరు హద్దురాళ్ళ పక్కన కూడా అలాంటి బోర్డే ఒకటి ఉండాలి.