పట్టాలో లేని పేర్లు: ఆదివాసీ కుటుంబాల్లో వారసత్వ తగాదాల చరిత్ర

మన గూడేల్లో వీలునామా రాసి కన్నుమూసేవాళ్ళు చాలా అరుదు. పట్టాదారు పోయాక దినాలు అయ్యేదాకా ఇల్లంతా ఒక్కటిగానే ఉంటుంది. తర్వాత ఒక్కొక్క ప్రశ్నే లేస్తుంది. పాసుపుస్తకం ఎవరి పేరు మీదికి మారాలి? బ్యాంకు అప్పు ఎవరు కట్టాలి? ప్రాజెక్టు కింద భూమి పోతే పరిహారం ఎవరి ఖాతాలో పడాలి? అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేస్తారు. భర్త పోయిన కోడలిని పుట్టింటికి పొమ్మంటారు. పెళ్ళయి వెళ్ళిన ఆడపిల్ల దగ్గరికి ఒక కాగితం తీసుకెళ్ళి, "సంతకం పెట్టమ్మా, నీకేం సంబంధం లేదని రాయాలట" అంటారు. వీటిని మనం ఇంటి గొడవలని కొట్టిపారేస్తుంటాం. నిజానికి ఇవి ఇంట్లో పుట్టినవి కావు. వీటి వెనుక రెండు వందల ఏళ్ళ చరిత్ర ఉంది. మన యువతీయువకులు, మన పంతుళ్ళు ఆ చరిత్ర తెలుసుకోవాలనే ఈ వ్యాసం రాస్తున్నాం.

పేరు లేని భూమి

పోడు కొట్టుకున్న కాలంలో భూమికి పట్టా లేదు. కొండవాలు మీద రెండు మూడేళ్ళు పంట తీసి వదిలేస్తే అది మళ్ళీ అడవిలో కలిసేది. మరుసటి తరంలో ఎవరు కొట్టుకోవాలో ఊరి పెద్దలు కూర్చుని చెప్పేవారు. పంచుకోవడానికి ఇంట్లో ఉండేవి ఎడ్లు, మేకలు, కంచు గిన్నెలు, నాలుగు ఇప్పచెట్లు, కల్లుగీసే జీలుగుచెట్లు. ఏ చెట్టు ఏ ఇంటిదో ఊరందరికీ తెలుసు. ఎవరైనా పోతే సాక్ష్యానికి కాగితం అక్కర్లేదు.

ఆ కాలం ఆడవాళ్ళకు అంతా బాగుందని మనం చెప్పడం లేదు. చాలా తెగల్లో వరస తండ్రి వైపు నుంచే నడిచింది. గోండుల సగలు, కోయల గట్లు తండ్రి నుంచి బిడ్డలకు వస్తాయి. అయితే అన్ని తెగలదీ ఒకటే పద్ధతి కాదు. సవరల్లో ఆడమనిషి పెళ్ళయ్యాక కూడా తన పుట్టింటి బిరిందలోనే లెక్క. మేఘాలయ ఖాసీల్లో తాతముత్తాతల ఇల్లు చిన్నకూతురికి దక్కుతుంది. కాబట్టి "ఆదివాసీ ఆచారం" అని ఒక్క మాటలో తేల్చేయడం కుదరదు. ఏ తెగ, ఏ ప్రాంతం, ఏ ఆస్తి అని అడగాలి.

రంపాలో ఒక కూతురి కథ

మన కొండల్లోనే జరిగిన ఒక వారసత్వ తగాదా చరిత్ర పుస్తకాలకెక్కింది. గోదావరి ఏజెన్సీలో రంపా మన్సబుదారు రామభూపతి దేవ్ 1835లో చనిపోయాడు. ఆయనకు ఒక కూతురు, అక్రమ సంతానమని చెప్పుకునే ఒక కొడుకు ఉన్నారు. ముఠాదార్లు మొదట కూతురినే వారసురాలిగా ఒప్పుకున్నారు. ఆమె పెళ్ళి వద్దంది. కొన్నాళ్ళకే ఆమె నడవడి మీద అనుమానాలు రేగాయి. ముఠాదార్లు అక్కాతమ్ముళ్ళిద్దరినీ కొండల నుంచి వెళ్ళగొట్టారు. చివరికి 1848లో ఇంగ్లీషు ప్రభుత్వం కుదిర్చిన ఏర్పాటుతో కొడుకు మన్సబుదారు అయ్యాడు. అతని వసూళ్ళు, కల్లు మీద వేసిన చిగురుపన్ను, మైదానపు వ్యాపారుల అప్పుల కోర్టు డిక్రీలు కలిసి 1879 రంపా పితూరీకి దారితీశాయి.

పితూరీ గురించి మనం పిల్లలకు చెబుతాం. దానికి ముందు ఆ గద్దె మీద నుంచి ఒక కూతురిని దించిన సంగతి చెప్పం. ఇప్పటికీ వాటా అడిగిన ఆడపిల్ల మీద పడే మొదటి నింద ఆమె నడవడి గురించే కావడం గమనించండి.

కాపాడటానికి వచ్చిన చట్టాలు, మగవాడి పేరున వచ్చిన పట్టాలు

1839 నుంచి ఏజెన్సీ ప్రాంతాలకు మామూలు కోర్టులు, చట్టాలు వర్తించకుండా వేరే పాలన పెట్టారు. షావుకార్ల చేతికి భూములు పోతున్నాయని 1917లో మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీ భూబదలాయింపు చట్టం తెచ్చింది. అటు నైజాం రాజ్యంలో 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం నేలకొరిగాక ప్రభుత్వం కళ్ళు తెరిచింది. ఆ దశాబ్దంలో ఆదిలాబాద్ గోండు, కొలాం కుటుంబాలకు పట్టాలు ఇచ్చారు. స్వాతంత్ర్యం తర్వాత 1959 నిబంధన, దానికి 1970లో చేసిన సవరణ, అంటే మనమందరం చెప్పుకునే 1/70, షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులకు భూమి బదలాయింపు చెల్లదని తేల్చాయి.

ఈ రక్షణలు పోరాడి సాధించుకున్నవి. వాటిని ఒక్క అంగుళం వదులుకోకూడదు. కానీ వాటితోపాటు ఇంకో మార్పు నిశ్శబ్దంగా జరిగింది. ఊరందరికీ తెలిసిన భూమి కాగితం మీద ఒక్క పేరు కిందికి వచ్చింది. ఆ పేరు దాదాపు ఎప్పుడూ ఇంటి పెద్ద మగవాడిదే. విత్తనం చల్లిన భార్య, కలుపు తీసిన కూతురు రికార్డులో కనిపించరు. పట్టాదారు బతికున్నంత కాలం ఇది ఎవరికీ పట్టదు. అతను పోయిన రోజున, ఇంట్లో ఉన్నవాళ్ళలో ఎవరు వారసులో ఆ కాగితం చెప్పదు.

చట్టం మనల్ని వదిలేసిన చోటు

1956లో హిందూ వారసత్వ చట్టం వచ్చింది. దాని 2(2) సెక్షన్, కేంద్ర ప్రభుత్వం ప్రత్యేకంగా నోటిఫై చేస్తే తప్ప ఈ చట్టం షెడ్యూల్డ్ తెగలకు వర్తించదని చెప్పింది. మన ఆచారాలను గౌరవించాలన్నది దాని ఉద్దేశం. ఫలితం మాత్రం రెండు అంచుల కత్తి అయింది. ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుంచి, దేశమంతటా 2005 నుంచి హిందూ కుటుంబాల కూతుళ్ళు పుట్టుకతోనే ఉమ్మడి ఆస్తిలో హక్కుదారులయ్యారు. పక్క ఊళ్ళో గిరిజనేతరుల ఇంటి ఆడపిల్లకు వచ్చిన ఆ హక్కు మన ఇంటి ఆడపిల్లకు రాలేదు.

కోర్టులు ఈ ప్రశ్న మీద అటూ ఇటూ ఊగాయి. బీహార్‌లోని హో తెగ ఆడవాళ్ళ తరఫున 1982లో వేసిన మధు కిష్వర్ కేసులో సుప్రీంకోర్టు 1996లో తీర్పు ఇచ్చింది. మగవాళ్ళకే వారసత్వం ఇచ్చే నియమాన్ని మెజారిటీ కొట్టేయలేదు. ఆ భూమి మీద బతుకుతున్న ఆడవాళ్ళను మాత్రం అక్కడినుంచి వెళ్ళగొట్టరాదంది. జస్టిస్ కె. రామస్వామి విభేదించి, ఆదివాసీ ఆడవాళ్ళకూ సమాన వారసత్వం ఉండాలని రాశారు. 2022 డిసెంబరులో కమలా నేతి కేసులో సుప్రీంకోర్టు, చట్టం ఉన్నది ఉన్నట్టుగా చూస్తే ఆదివాసీ కూతురికి వాటా ఇవ్వలేమంటూనే, 2(2)ను మార్చే సంగతి ఆలోచించమని కేంద్రాన్ని కోరింది.

2025 జూలైలో ఛత్తీస్‌గఢ్ గోండు కుటుంబం కేసులో వచ్చిన తీర్పు మనందరం చదవాల్సింది. ఆడవాళ్ళకు వాటా ఇచ్చే ఆచారం ఉందని వారసులు రుజువు చేయలేదని కింది కోర్టులు కేసు కొట్టేశాయి. సుప్రీంకోర్టు ఆ ప్రశ్ననే తిప్పి వేసింది. వాటా ఇవ్వకూడదనే ఆచారం ఉందని ఎవరు చూపించారు? అలాంటిది రుజువు కానప్పుడు సమానత్వమే వర్తిస్తుందని చెప్పి, ఆ కూతురి వారసులకు సమాన వాటా ఇచ్చింది. అదే సంవత్సరం అక్టోబరులో హిమాచల్ కేసులో మాత్రం హిందూ వారసత్వ చట్టాన్ని తెగలకు నేరుగా వర్తింపజేయలేమని మళ్ళీ స్పష్టం చేసింది. రెండింటినీ కలిపి చదివితే ఒకటి తేలుతుంది. తేల్చాల్సింది మన ఆచారం. అది ఏమిటో మనమే చెప్పాలి.

"భూమి బయటికి పోతుంది" అన్న భయం

ఆడపిల్లకు వాటా ఇస్తే గిరిజనేతరుడిని చేసుకుని భూమి అతనికి అప్పజెబుతుందని మన పెద్దలు అంటారు. ఈ భయం ఉత్తది కాదు. ఆదివాసీ స్త్రీని పేరుకు భార్యగా పెట్టుకుని, ఆమె పేరున భూములు కొన్నవాళ్ళు ఏజెన్సీలో ఉన్నారు. అలాంటి బినామీ లావాదేవీ కూడా 1/70 కింద చెల్లదు. అయితే ఆ నిబంధనలో వారసత్వంగా వచ్చిన భూమి, కుటుంబ పంపకం బదలాయింపు కింద లెక్కకు రావు. అందుకే ఈ విషయంలో ఊరు కళ్ళు తెరుచుకుని ఉండాలి.

కానీ ఇంకో లెక్క కూడా వేయాలి. ఈ వందేళ్ళలో షావుకార్లకు, వలస వచ్చిన రైతులకు పోయిన భూములు ఎవరి పేరున ఉన్నవి? పట్టా మగవాడి పేరున ఉంటే, వేలిముద్ర వేసింది కూడా అతనే కదా. అప్పుకు, కల్లుకు, మాయమాటలకు పోయిన భూమికి కూతుళ్ళను బాధ్యుల్ని చేయలేం. భూమిని కాపాడేది 1/70, గ్రామసభ, మన కాపలా. ఆడపిల్ల వాటా ఎగ్గొట్టడం వల్ల ఒక్క ఎకరం కూడా తిరిగి రాలేదు.

మన చేతిలో ఉన్నవి

2006 అటవీ హక్కుల చట్టం ఒక దారి చూపింది. ఆ పట్టా అమ్మడానికి వీల్లేదు, వారసత్వంగా వస్తుంది. పెళ్ళయినవాళ్ళకైతే భార్యాభర్తలిద్దరి పేర్లతో ఇవ్వాలి. మన ఇంటి పోడు పట్టాలో అమ్మ పేరు ఉందో లేదో ఇవాళే తీసి చూడండి. లేకపోతే గ్రామసభలో, ఐటీడీఏలో అడగండి. 2013 భూసేకరణ చట్టం భర్త పోయిన, విడాకులైన, కుటుంబం వదిలేసిన ఆడవాళ్ళను వేరే కుటుంబంగా లెక్కించమంటుంది. పెళ్ళికాని మేజరు కూతురు కూడా వేరే కుటుంబమే. ముంపు గ్రామాల జాబితాలు రాసేటప్పుడు ఈ మాట గట్టిగా చెప్పాలి.

1996 పెసా చట్టం ఆచారాలను, తగాదాలు తీర్చే మన పద్ధతులను కాపాడే అధికారం గ్రామసభకు ఇచ్చింది. పటేళ్ళు, నాయకులు, రాయి సెంటర్ల సార్ మేడీలు కూర్చున్న చోట ఆడవాళ్ళూ కూర్చుని, పట్టాదారు పోతే భార్యకేమి, కొడుకులకేమి, కూతుళ్ళకేమి అని తీర్మానం రాసుకోవాలి. ఆచారం రాతలో లేకపోతే దాన్ని కోర్టులో వకీళ్ళు, ఆఫీసులో గుమాస్తాలు తమకు నచ్చినట్టు చెబుతారు.

పంతుళ్ళు ఒక పని చేయవచ్చు. పదో తరగతి పిల్లలతో వాళ్ళ వంశవృక్షం గీయించండి. తాత పేరు, నానమ్మ పేరు, అత్తల పేర్లు, సర్వే నంబర్లు, పట్టా ఎవరి పేరున ఉందో రాయించండి. ఆ కాగితం రేపు కుటుంబ సభ్యుల ధృవీకరణ పత్రానికీ పనికొస్తుంది, తెగ చరిత్రకూ పనికొస్తుంది. అత్తల పేర్లు ఎవరూ చెప్పలేకపోతే, ఆ ఖాళీ ఎందుకు వచ్చిందో పిల్లలతో మాట్లాడండి. యువకులు తమ అక్కచెల్లెళ్ళ సంతకం కోసం కాగితం తీసుకెళ్ళే ముందు అందులో ఏముందో వాళ్ళకు చదివి వినిపించాలి. ఆ తర్వాత పెట్టాలో మానాలో వాళ్ళే చెబుతారు.